‘మీ ఒక్కరికే వచ్చింది’



సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఉందని దాన్ని అమ్మిన కంపెనీకి చెప్పబోయినవాళ్లకి ఏం జరుగుతుందో మనలో చాలామందికి తెలుసు. ఫోన్ చేస్తే ముందు ఒక టికెట్ నంబరు ఇస్తారు. స్క్రీన్‌షాట్ పంపమంటారు. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమంటారు. అదంతా చేశాక, మా దగ్గర చూస్తే బాగానే ఉందండీ అంటారు. రెండు రోజులకి టికెట్ క్లోజ్ అయిందని మెసేజ్ వస్తుంది. సమస్య ఉన్నచోటే ఉంటుంది. వీటన్నిటినీ మించి మనిషిని కుంగదీసే జవాబు ఇంకొకటుంది. ‘ఇప్పటిదాకా ఎవరూ ఇలా చెప్పలేదండీ, మీ ఒక్కరికే వచ్చింది’ అనేది ఆ జవాబు. ఇవాళ నేను దాని గురించే మాట్లాడతాను. తప్పుల్లేని సాఫ్ట్‌వేర్ ఎక్కడా లేదు, దాన్ని కొన్నవాళ్లు కూడా అలాంటిది ఆశించడం లేదు. వాళ్లకి జరుగుతున్న అన్యాయం వేరే ఉంది. ఫలానా తప్పు ఎంతమందికి ఎదురైందన్న లెక్క అమ్మినవాళ్ల దగ్గర ఉంటుంది. ఆ తప్పు ఉందని రుజువు చేసే భారం మాత్రం కొన్నవాళ్ల నెత్తిన పడుతుంది. ఈ రెండూ ఒకే చేతికి రానంతకాలం ఫిర్యాదు అనేది అరణ్యరోదనగానే మిగులుతుందని నా వాదన.

ఈ జవాబు మనుషుల్ని ఎందాకా తీసుకెళ్లగలదో తెలియాలంటే బ్రిటన్ పోస్టాఫీసుల్లో జరిగింది చూడాలి. అక్కడ ఊళ్లలోని పోస్టాఫీసుల్ని ఎక్కువగా నడిపేది జీతగాళ్లు కారు. చిన్న కొట్టు పెట్టుకున్న మనిషి పోస్టాఫీసు సంస్థతో ఒప్పందం రాసుకుని, ఆ కొట్లోనే ఒక కౌంటరు తెరిచి స్టాంపులమ్ముతాడు, పింఛన్లిస్తాడు, బిల్లులు కట్టించుకుంటాడు. వాళ్లని సబ్‌పోస్ట్‌మాస్టర్లంటారు. 1999లో ఈ కౌంటర్లకి హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ రావడం మొదలైంది. తయారుచేసింది ఐసీఎల్, జపాన్ కంపెనీ ఫుజిత్సు చేతిలో ఉన్న సంస్థ. కాగితం మీద లెక్కలు పోయి, కంప్యూటర్ చూపించిన మొత్తమే లెక్క అయింది. సొరుగులో నగదు దానికి సరిపోకపోతే తేడా సబ్‌పోస్ట్‌మాస్టరే కట్టాలి. ఒప్పందంలో రాసినది నిర్లక్ష్యం వల్లో పొరపాటు వల్లో వచ్చిన నష్టం గురించి. సంస్థ మాత్రం, తేడా ఎందుకు వచ్చినా కట్టాల్సింది మీరే అన్నట్టుగా దాన్ని అమలు చేసింది.

హ్యాంప్‌షైర్‌లో సౌత్ వార్న్‌బరో అనే పల్లెలో జో హామిల్టన్ అనే ఆమె ఇలాంటి కౌంటరు నడిపేది. ఒక రోజు లెక్క చూసుకుంటే 2 వేల పౌండ్ల దాకా తక్కువ చూపించింది. ఆమె హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. అవతలివాళ్లు ఫోన్లో ఒక్కొక్క మెట్టూ చెబుతుంటే ఆమె ఆ మీటలే నొక్కుతూ పోయింది. చివరికి తెర మీద లోటు రెట్టింపైంది. ఇది ఎందుకిలా జరిగిందో వాళ్లు చెప్పలేదు, డబ్బు మాత్రం కట్టమన్నారు. యార్క్‌షైర్‌లోని బ్రిడ్లింగ్టన్‌లో లీ కాసిల్టన్ అనే ఆయన లెక్కలు తప్పుతున్నాయని హెల్ప్‌లైన్‌కి 91 సార్లు ఫోన్ చేశాడు. మోసం చేసి దాచుకోవాలనుకున్న మనిషి అన్నిసార్లు ఫోన్ చేసి తన లోటు తానే చెప్పుకుంటాడా అని ఎవరైనా ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఆ కథ అక్కడితో ఆగేది. ఆగలేదు. దాదాపు 25 వేల పౌండ్ల లోటు కోసం సంస్థ ఆయన మీద సివిల్ దావా వేసింది. తప్పు కంప్యూటర్‌ది అని ఆయన నిరూపించలేకపోయాడు. 2007లో ఓడిపోయి, 3 లక్షల 21 వేల పౌండ్ల కోర్టు ఖర్చులు నెత్తిన పడి దివాలా తీశాడు. తప్పు కంప్యూటర్‌ది అని నిరూపించాలంటే ఏం కావాలి? ఏ క్షణంలో ఏ కౌంటరు నుంచి ఏ లావాదేవీ వెళ్లిందో చెప్పే పూర్తి చిట్టా కావాలి. ఆ చిట్టా ఫుజిత్సు దగ్గర ఉంది. చాలా కేసుల్లో దాన్ని తెప్పించనే లేదని 2021లో అప్పీలు కోర్టు తేల్చింది.

ఇక్కడ నన్ను అన్నిటికంటే బాధపెట్టేది 2010 నాటి సంగతి. హొరైజన్‌లో అప్పుడొక తప్పు బయటపడింది. కొన్ని మీటలు ఒక వరుసలో నొక్కితే కౌంటరు దగ్గర తేడా కనిపించకుండా పోతుంది, వెనకాల ఉండే కేంద్ర లెక్కలో మాత్రం అలాగే ఉంటుంది. అంటే కౌంటరు నడిపే మనిషి లెక్క సరిపోయిందనుకుని తలుపు మూస్తుంది, పైవాళ్ల పుస్తకంలో ఆమె బాకీదారుగా ఉండిపోతుంది. పదుల శాఖల్లో ఇది జరిగింది. పోస్టాఫీసు, ఫుజిత్సు ఉద్యోగులు కలిసి కూర్చుని దీని మీద ఒక నోట్ రాసుకున్నారు. ఇది నలుగురికీ తెలిస్తే వ్యవస్థ మీద నమ్మకం పోతుందని, కోర్టుల్లో నడుస్తున్న కేసుల మీద ప్రభావం పడవచ్చని అందులో ఉంది. సరిగ్గా అదే ఏడాది అక్టోబరులో వెస్ట్ బైఫ్లీట్‌కి చెందిన సీమా మిశ్రా మీద గిల్డ్‌ఫర్డ్ కోర్టులో దొంగతనం కేసు విచారణ జరిగింది. ఆమె వాదన అంతా కంప్యూటర్ తప్పుగా లెక్కకడుతోందనే. ఈ తప్పు సంగతి ఆమె తరఫువాళ్లకి చెప్పలేదు. గర్భవతిగా ఉన్న ఆమెకి నవంబరులో 15 నెలల జైలు శిక్ష పడింది. చెప్పుకున్న బాధకి జవాబు లేకపోవడం ఒక ఎత్తు. జవాబు ఒక ఫైల్లో ఉండి కూడా దాన్ని అడిగినవాళ్లకి అందకుండా పోవడం ఇంకొక ఎత్తు. ఈ రెండోదాన్ని క్షమించడం నాకు సాధ్యం కావడం లేదు.

1999 నుంచి 2015 దాకా పోస్టాఫీసు సంస్థ తానే దాదాపు 700 మంది మీద నేరం మోపి శిక్షలు వేయించింది. వేరే సంస్థలు పెట్టిన కేసులు కూడా కలిపితే 900 దాటుతుంది. ఇంతమందిలో ఫోన్ చేసిన చాలామందికి వినిపించిన జవాబు మాత్రం ఒక్కటే, ‘మీ ఒక్కరికే వచ్చింది’ అని. అది అబద్ధమని వాళ్లకి ఎలా తెలిసింది? 2009 మేలో కంప్యూటర్ వీక్లీ అనే పత్రిక ఏడుగురు సబ్‌పోస్ట్‌మాస్టర్ల కథలు వేసింది. ఆ నవంబరులో ఆలన్ బేట్స్ అనే మాజీ సబ్‌పోస్ట్‌మాస్టర్ పూనికతో వార్విక్‌షైర్‌లోని ఫెన్నీ కాంప్టన్ అనే పల్లెటూరి హాలులో బాధితులు కొందరు కలుసుకున్నారు. ఒకరి గోడు ఒకరు విన్నాకే అర్థమైంది, అందరికీ అదే మాట చెప్పారని. అప్పటివరకు ఎవరికి వారు తమ లెక్కలోనే ఏదో పొరపాటుందని, తమ దగ్గర పనిచేసే పిల్లలో ఇంట్లో వాళ్లో తీశారేమోనని అనుమానిస్తూ బతికారు. ఒక ఊళ్లో పది ఇళ్లలో వాంతులు పట్టుకుంటే, ప్రతి ఇంటికీ విడివిడిగా వెళ్లి మీరు తిన్నదేదో పడలేదని చెప్పి రావచ్చు. పది ఇళ్లూ ఒక కాగితం మీద రాసుకున్నవాడికే నీళ్ల ట్యాంకు గుర్తొస్తుంది. సాఫ్ట్‌వేర్ విషయంలో ఆ కాగితం అమ్మినవాళ్ల దగ్గరే ఉంటుంది. ఫుజిత్సు దగ్గర దాని పేరు ‘తెలిసిన తప్పుల చిట్టా’. తర్వాత పోస్టాఫీసు సంస్థ మీద 555 మంది బాధితులు కలిసి వేసిన దావాలో అది చాలా కష్టం మీద కోర్టు ముందుకొచ్చింది. అసలు దానికి ఈ కేసుతో సంబంధం లేదని పోస్టాఫీసు తరఫున మొదట వాదించారు. 2019 డిసెంబరు 16న జస్టిస్ ఫ్రేజర్ ఇచ్చిన తీర్పుకి ఆ చిట్టాయే ఆయువుపట్టు అయింది. హొరైజన్‌లో తప్పులున్నాయని, అవి శాఖల లెక్కల్ని తారుమారు చేయగలవని, చేశాయని ఆయన తేల్చారు. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలు కొట్టేసింది, 2024 మేలో పార్లమెంటు ఏకంగా చట్టం చేసి మిగతా వందల శిక్షల్ని రద్దుచేసింది. ఈ బాధలో కనీసం 13 మంది ప్రాణాలు తీసుకుని ఉంటారని 2025 జులైలో ఈ వ్యవహారంపై ఏర్పాటైన విచారణ సంఘం తన నివేదిక మొదటి భాగంలో రాసింది.

ఇక అవతలి పక్షం వాదన కూడా వినాలి, ఎందుకంటే అందులో పస ఉంది. వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువభాగం వాడేవాళ్ల పొరపాట్లేనని సపోర్టులో పనిచేసేవాళ్లు చెబుతారు. అది నిజమే. పాస్‌వర్డు తప్పు కొట్టి సర్వర్ పనిచేయడం లేదనేవాళ్లుంటారు, తేదీ వేయాల్సిన గడిలో నెల వేసేవాళ్లుంటారు. అందుకని ఫలానా ఫిర్యాదు ఏ రకానిదో ముందే తేల్చుకోవచ్చా? చిట్టా తెరిచి చూడకుండా అది ఎవరికీ సాధ్యం కాదు, చిట్టా ఉన్నది ఎవరి దగ్గరో ఇందాక చెప్పాను. పైగా ఒకే పొరపాటు వందమంది చేస్తున్నారంటే ఆ గడి గీసిన తీరులోనే ఏదో లోపముంది. అదీ కంపెనీకి అందాల్సిన కబురే. వాడేవాళ్ల తప్పు అని ముద్ర వేసి టికెట్ మూసేస్తే ఆ కబురు కూడా పోతుంది.

రెండో అభ్యంతరం ఇంజనీర్లది. ‘మా దగ్గర మళ్లీ రప్పించలేని తప్పుని ఎలా సరిచేస్తాం’ అంటారు. దీనికి జవాబు థెరాక్-25 చరిత్రలో ఉంది. అది క్యాన్సర్ రోగులకి రేడియేషన్ ఇచ్చే యంత్రం, కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్ తయారుచేసింది. 1985, 1987 మధ్య ఆ యంత్రం ఆరుగురికి విపరీతమైన మోతాదు ఇచ్చింది, వాళ్లలో కొందరి ప్రాణాలు పోయాయి. 1986 మార్చిలో టెక్సస్‌లోని టైలర్‌లో ఒక ఆసుపత్రిలో ఆపరేటర్ తెర మీద ఒక అక్షరం తప్పు కొట్టి, వెంటనే పైకి వెళ్లి దిద్ది, చకచకా కిందికి వచ్చి మీట నొక్కింది. తెర మీద ‘మాల్‌ఫంక్షన్ 54’ అని వచ్చింది. లోపల పడుకున్న రోగికి వీపు కాలింది. కంపెనీ ఇంజనీర్లు వచ్చి చూసి, ఈ యంత్రం ఎక్కువ మోతాదు ఇవ్వడం జరగని పని అన్నారు. వేరేచోట్ల ఇలాంటి ప్రమాదం జరిగినట్టు తమకు తెలియదని కూడా చెప్పారు. అంతకు ముందు ఏడాది జులైలోనే కెనడాలోని హామిల్టన్‌లో ఒక రోగికి ఇలా జరిగితే దర్యాప్తు చేసింది అదే కంపెనీ! మూడు వారాల్లో టైలర్‌లో ఇంకొకరికి అదే జరిగింది. ఈసారి ఆసుపత్రి భౌతికశాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేగర్ యంత్రాన్ని ఆపేసి, ఆ ఆపరేటర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె ఆ రోజు ఏం చేసిందో అదే మళ్లీ మళ్లీ చేయించాడు. కిటుకు వేగంలో ఉందని దొరికింది. దిద్దుబాటు కొన్ని సెకన్లలో పూర్తిచేస్తేనే ఆ తప్పు వస్తుంది. రోజంతా అదే పని చేసే ఆపరేటర్ వేళ్లకి ఆ వేగం ఉంది. ఆఫీసులో నింపాదిగా పరీక్షించిన ఇంజనీర్ వేళ్లకి లేదు. హేగర్ ఆ సంగతి చెప్పాకే కంపెనీ ఇంజనీరు కూడా దాన్ని రప్పించగలిగాడు. అందుకే ‘మా దగ్గర రావడం లేదు’ అన్నది పని మొదలుపెట్టాల్సిన చోటు. ఇక్కడ రాకుండా అక్కడే ఎందుకు వస్తోంది, వాళ్లు చేస్తున్నదేమిటి, మేం చేయనిదేమిటి అని అడగాలి. ఆ మాటతో టికెట్ మూసేసే కంపెనీ తన దగ్గరున్న అత్యుత్తమ పరీక్షకుణ్ణి, అంటే ఆ సాఫ్ట్‌వేర్ మీద రోజూ పనిచేసే మనిషిని, వెనక్కి పంపేస్తోంది.

మూడో అభ్యంతరం, తెలిసిన తప్పుల జాబితా బయటపెడితే దొంగల చేతికి తాళాలిచ్చినట్టు అని. భద్రతకి సంబంధించిన లోపాల విషయంలో ఈ భయం న్యాయమైనదే. అయితే విచిత్రంగా, ఆ లోపాల విషయంలోనే ఈ పరిశ్రమ అన్నిటికంటే మంచి పద్ధతులు ఏర్పరచుకుంది. 1999 నుంచి సీవీఈ అనే బహిరంగ జాబితాలో ఇలాంటి లోపాలకి నంబర్లు ఇస్తున్నారు. గూగుల్ ప్రాజెక్ట్ జీరో లాంటి బృందాలు కంపెనీకి చెప్పి, సరిచేసుకోవడానికి 90 రోజులు గడువిచ్చి, ఆ తర్వాత బయటపెడతాయి. లోపం చూపించినవాళ్లకి కంపెనీలే బహుమతి ఇస్తున్నాయి. అంటే తలుపు గడియ ఊడిందని చెప్పిన నిపుణుడికి సన్మానం జరుగుతోంది. కూడిక తప్పుతోందని చెప్పిన గుమస్తాకి టికెట్ నంబరు ఒక్కటే మిగులుతోంది. ఇద్దరూ చేసింది ఒకే రకం మేలు. ఇక మామూలు తప్పుల జాబితా అందరికీ కనబడితే వ్యాపారం దెబ్బతింటుందన్న మాటకి జవాబు చెప్పే ఉదాహరణలున్నాయి. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా తన తప్పుల జాబితాని 1998 నుంచి బహిరంగంగానే నడుపుతోంది. డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్లు 1997లో రాసుకున్న సామాజిక ఒప్పందంలో, సమస్యల్ని దాచబోమన్నది ఒక షరతు. ప్రపంచంలోని సర్వర్లలో ఎన్నో ఇవాళ ఆ డెబియన్ మీదే నడుస్తున్నాయి. దాచి నష్టపోయినవాళ్లకి ఇంటెల్ ఉదాహరణ. 1994లో పెంటియం చిప్ భాగాహారంలో తప్పుతోందని వర్జీనియాలో గణితం బోధించే థామస్ నైస్లీ కనిపెట్టి చెప్పాడు. కంపెనీకి అది అప్పటికే తెలుసు. సంగతి రచ్చకెక్కాక కూడా, మీ పనికి ఇబ్బందని చూపిస్తేనే చిప్ మారుస్తామంది. డిసెంబరులో అడిగినవాళ్లందరికీ మార్చక తప్పలేదు. ఖాతాలో రాసుకున్న నష్టం 47 కోట్ల 50 లక్షల డాలర్లు.

ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో హైదరాబాదులోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో సపోర్టు డెస్కు మీద, టెస్టింగులో పనిచేసేవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు ఉంటారు. నేను వాళ్లని నిందించడం లేదు. టికెట్ ఇన్ని గంటల్లో మూయాలని ఒప్పందంలో రాసి, ఎన్ని మూశావన్నదాన్ని బట్టి పనితనం కొలిచే చోట, ఒక ఫిర్యాదు వెంటపడి మూలం దాకా వెళ్లిన మనిషికి నష్టమే మిగులుతుంది. రాత్రి షిఫ్టులో కూర్చున్న పిల్లవాడికి చదివి వినిపించడానికి ఇచ్చిన కాగితంలోనే ‘మీ ఒక్కరికే వచ్చింది’ అన్న ఆ జవాబు రాసి ఉంటుంది. మార్చాల్సింది ఆ కొలత. ఎన్ని టికెట్లు మూశారన్నది కాకుండా, మూసినవాటిలో ఎన్ని అదే కారణంతో మళ్లీ తెరుచుకున్నాయో లెక్కవేస్తే, అదే డెస్కు, అదే మనుషులు వేరే రకంగా పనిచేస్తారు.

భారం కొన్నవాళ్ల మీద కాకుండా అమ్మినవాళ్ల మీద పెడితే వ్యవస్థలు కూలిపోతాయని కొందరంటారు. మన దేశంలోనే దీనికి జవాబుంది. మన ఖాతాలో మనకి తెలియకుండా ఎలక్ట్రానిక్ లావాదేవీ జరిగితే, తప్పు ఖాతాదారుదని నిరూపించాల్సిన భారం బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఆదేశమిచ్చింది. 2019 సెప్టెంబరు 20న ఇంకొకటి వచ్చింది. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో మాత్రం కోత పడితే ఐదు రోజుల్లో తిరిగి వేయాలి, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు ఇవ్వాలి. ఆ పరిహారం కోసం ఖాతాదారు ఫిర్యాదు చేసేదాకా చూడకూడదు, బ్యాంకే తనంతట తాను జమచేయాలి. ఈ రెండు ఆదేశాలూ అన్ని శాఖల్లో అన్నిసార్లూ సరిగ్గా అమలవుతున్నాయని నేను అనను. బ్యాంకు చుట్టూ కాళ్లరిగేలా తిరిగేవాళ్లు ఇంకా ఉన్నారు. అయినా చిట్టా ఎవరి చేతిలో ఉందో రుజువు చేసే భారం వాళ్లదే అన్న సూత్రం ఒక నియంత్రణ సంస్థ కాగితం మీదికి వచ్చింది, యూపీఐ లావాదేవీలు పెరిగాయే కానీ తగ్గలేదు. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన ఉత్పత్తుల బాధ్యత నిబంధనలు ఇదే దారిలో ఇంకో అడుగు వేశాయి. సాఫ్ట్‌వేర్‌ని కూడా అవి ఉత్పత్తిగానే లెక్కిస్తాయి. సాంకేతికంగా మరీ చిక్కుపడ్డ విషయాన్ని బాధితుడు నిరూపించలేని పరిస్థితిలో ఉంటే, లోపం ఉందనే అనుకుని ముందుకు సాగే అధికారం కోర్టుకి ఇస్తాయి. సభ్యదేశాలు 2026 డిసెంబరు 9 లోగా తమ చట్టాల్లోకి తెచ్చుకోవాలి.

కోర్టుల సంగతి వచ్చింది కనుక చివరగా ఒక మాట. బ్రిటన్‌లో 1984 నాటి చట్టంలో 69వ సెక్షన్ ఉండేది. కంప్యూటర్ రికార్డుని సాక్ష్యంగా చూపాలంటే ఆ కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తోందని చూపాలని అది అడిగేది. అది అనవసరపు భారమని 1999 చట్టంతో తీసేశారు, 2000లో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. కంప్యూటర్ బాగానే ఉందని కోర్టులు అనుకోవడం మొదలైంది, సరిగ్గా హొరైజన్ కౌంటర్లలోకి వస్తున్న రోజుల్లో. మన దగ్గర అలా తీసేయలేదు, అది మన అదృష్టం. పాత సాక్ష్య చట్టంలో 65బి సెక్షన్ అడిగిన సర్టిఫికెట్‌ని, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కూడా అడుగుతోంది. ఇప్పుడు దానికి రెండు భాగాలున్నాయి, ఒకటి రికార్డు చూపించేవాళ్లు సంతకం పెట్టేది, రెండోది నిపుణుడు పెట్టేది. కంప్యూటర్ సక్రమంగా పనిచేసిందన్న మాట ఒక అచ్చు వాక్యంగా మిగిలిపోకూడదంటే, సంతకం పెట్టే నిపుణుడు ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల దగ్గరున్న తెలిసిన తప్పుల జాబితాని తెప్పించుకుని చూడాలి. ఈ రికార్డుని తాకే తప్పు అందులో ఉందో లేదో రాయాలి. ఇది నియమంగా రావడానికి సమయం పట్టవచ్చు. ఈలోగా, సహకార బ్యాంకు గుమస్తా మీదో పోస్టాఫీసు ఉద్యోగి మీదో కంప్యూటర్ లెక్క ఆధారంగా కేసు నడిచే చోట, ఆ నిపుణుణ్ణి బోనులో నిలబెట్టి ‘జాబితా చూశారా’ అని అడిగే అవకాశం ముద్దాయి తరఫు వకీలుకి ఇవాళే ఉంది. ఆ ప్రశ్న అడగమని వకీళ్లని వేడుకుంటున్నాను.